సీన్ ఆర్డర్‌లో ఇమడని మాటలు

నాటకమో సినిమానో రాయబోయే ముందు ఎంత సిద్ధం చేసుకోవాలి? కథ మొత్తం, ఏ రంగం తర్వాత ఏ రంగం, ఎవరి స్వభావం ఎలాంటిది, చివరికి ఏమవుతుంది, ఇవన్నీ తేల్చుకున్నాకే కలం పట్టాలా? లేకపోతే రాస్తూ పోతే అవే తేలతాయా? రచనా శిక్షణ శిబిరాల్లో ఈ ప్రశ్న రాకుండా ఉండదు. నేను నేర్చుకోవడానికి వెళ్ళి కూర్చున్న శిబిరంలోనూ వచ్చింది. ఈ మధ్య నన్ను మాట్లాడమని పిలిచిన చోటా ఒకమ్మాయి లేచి ఇదే అడిగింది. జవాబు చెప్పేవాళ్ళు మామూలుగా దీన్ని పనితనానికి సంబంధించిన ప్రశ్నగా తీసుకుంటారు. కొందరు ముందే గీసుకుంటారు, కొందరు రాస్తూ వెతుక్కుంటారు, ఎవరి పద్ధతి వారిది అని ముగిస్తారు. నేనూ చాలాకాలం అదే అనుకున్నాను.

ఇప్పుడలా అనుకోవడం లేదు. ఎవరి కాలం, ఎవరి మాట అనే రెండు ప్రశ్నల్ని పక్కన పెడితే ఈ ప్రశ్నకి జవాబు దొరకదని నాకనిపిస్తోంది. ఎందుకో చెప్పాలంటే మా నెల్లూరు వైపు నుంచి మూడు రచనల సంగతి ఎత్తుకోవాలి. ఒకటి ఆత్రేయ సినిమా రచన. రెండోది అక్షరాస్యతా వాచకంలో ఒక చిన్న పాఠం. మూడోది నేను చేతులారా పాడుచేసుకున్న ఒక నాటిక.

ఆచార్య ఆత్రేయ అసలు పేరు కిళాంబి వెంకట నరసింహాచార్యులు. 1921లో సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టాడు. పులికాట్ సరస్సుకి దగ్గర ఊళ్ళవి. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు సూళ్ళూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ నెల్లూరువాళ్ళం ఆత్రేయని మాత్రం వదులుకోలేదు. ‘ఎన్.జి.వో’, ‘కప్పలు’ లాంటి నాటకాలతో పేరు తెచ్చుకుని సినిమాలకి వెళ్ళాడు. 1989లో పోయేదాకా మాటలు, పాటలు రాస్తూనే ఉన్నాడు. రాస్తూనే ఉన్నాడు అనడం కంటే, రాయకుండా ఎక్కువ కాలం ఉన్నాడు అంటే సినిమావాళ్ళు ఒప్పుకుంటారేమో. రాసి ప్రేక్షకుల్ని ఏడిపిస్తాడు, రాయక నిర్మాతల్ని ఏడిపిస్తాడు అని ఆయన మీద ఉన్న ఛలోక్తి తెలియని తెలుగువాళ్ళు తక్కువ.

నేను ఆ ఛలోక్తిని క్లాసులో ఎన్నోసార్లు చెప్పి పిల్లల్ని నవ్వించాను. అందులో ఒక నిజం కూడా ఉంది. ఆత్రేయ మాటలు ఎంత తేలిగ్గా ఉంటాయో చూడండి. సమాసాలుండవు, పెద్ద పోలికలుండవు, ఇంట్లో మాట్లాడుకునే నాలుగు మాటలే. అంత తేలికైన మాట దొరకాలంటే ముందు బరువైన మాటలెన్నో పారేసి ఉండాలి. రాయకుండా కూర్చున్న ఆ రోజులే ఆయన సిద్ధం కావడం అని నేను నమ్ముతాను. కాగితం మీద ఏమీ కనబడదు, లోపల పని సాగుతూనే ఉంటుంది. కాబట్టి ఆయన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు.

నన్ను ఆపింది వేరే సంగతి. అమెరికన్ రచయిత్రి టిల్లీ ఓల్సెన్ 1978లో ‘సైలెన్సెస్’ అనే పుస్తకం తెచ్చింది. రచయితలు రాయకుండా ఉండిపోయిన కాలాల గురించీ, ముఖ్యంగా స్త్రీలూ శ్రామికులూ రాయలేకపోయిన కాలాల గురించీ రాసింది. దాన్ని చదువుతున్నప్పుడు ఆత్రేయ ఛలోక్తి నాకు మరోలా వినబడింది. పేరున్న పురుషుడు రాయకపోతే దాని చుట్టూ కథలు పుడతాయి. నిర్మాత ఎదురుచూస్తాడు, స్టూడియో ఎదురుచూస్తుంది, ఆ ఎదురుచూపు కూడా ఆయన గొప్పతనంలో భాగమై చరిత్రలోకి పోతుంది. ఒక రచయిత్రి ఆరునెలలు రాయకపోతే? పిల్లలకి పరీక్షలేమో, అత్తగారికి బాగాలేదేమో అనుకుంటారు. అసలు ఎవరూ ఏమీ అనుకోరు కూడా. ఆమె లోపల పని సాగుతోందని ఊహించేవాళ్ళుండరు. అంటే ఎంతకాలం ఆలోచించి మొదలుపెట్టాలి అనే ప్రశ్న వెనకాల, ఎవరు ఎదురుచూస్తే ఎవరు ఆలోచించగలరు అనే ప్రశ్న ఉంది.

సినిమా స్క్రిప్టు తయారయ్యే పద్ధతి కూడా దీనికి సంబంధించిందే. ముందు కథా చర్చలు, తర్వాత ట్రీట్‌మెంట్, వన్‌లైన్ ఆర్డర్, సీన్ ఆర్డర్, అన్నీ తేలాక మాటలు. ఈ చర్చలు ఆఫీసు గదుల్లో, హోటలు గదుల్లో రోజుల తరబడి, రాత్రులు కూడా సాగేవి. సాయంత్రం ఆరింటికి ఇంటికి పోయి పొయ్యి ముట్టించాల్సిన మనిషికి ఆ గదిలో చోటుండదు. భానుమతి 1953లో ‘చండీరాణి’కి కథ రాసి, మూడు భాషల్లో తీసి, దర్శకత్వం కూడా చేసిందంటే ఆమె ప్రతిభతో పాటు ‘భరణి’ సొంత సంస్థ కావడం కూడా కారణం. గది ఆమెది కనక ఆమె కూర్చోగలిగింది.

మిగతా రచయిత్రులు ఆ గదిలోకి మనుషులుగా వెళ్ళలేదు, పుస్తకాలుగా వెళ్ళారు. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ అయింది. ఆమె ‘ప్రేమనగర్’ 1971లో అదే పేరుతో సినిమా అయింది. దానికి మాటలూ పాటలూ ఆత్రేయవే. యద్దనపూడి సులోచనారాణి నవలలు వరసగా తెరకెక్కాయి. ‘మీనా’ని 1973లో విజయనిర్మల దర్శకత్వంలో తీశారు గనక అక్కడ మాత్రం నవలా, దర్శకత్వం రెండూ స్త్రీలవే అయ్యాయి. పాత్రలు, మలుపులు, సంఘర్షణ, ముగింపు అన్నీ ముందే వేసి ఉన్న ఒక పూర్తి ప్రణాళిక ఈ నవలల రూపంలో సినిమా వాళ్ళ చేతికి వచ్చింది. పత్రికలో సీరియల్ రాసే మనిషికి వారం వారం గడువు. వెనక్కి వెళ్ళి దిద్దుకునే వీలుండదు. అంత ఇరుకులో వేసిన ప్రణాళిక అది. ‘ప్రేమనగర్’ అనగానే మనకేం గుర్తొస్తుంది? తాగి కుమిలిపోయే కల్యాణ్, ఆత్రేయ విషాద గీతాలు. ఇంటి బరువు మోస్తూ ఉద్యోగం చేసే లత ఆ తర్వాత గుర్తొస్తుంది. కౌసల్యాదేవి నవలని స్త్రీవాద నవల అనను. కానీ కథని పూర్తిగా ఆలోచించి పెట్టిన మనిషి పేరు టైటిల్స్‌లో ఒక్క క్షణం కనబడి పోవడం, ఆ కథకి మాటలు రాసిన మనిషి ఆలోచనా సమయం ఐతిహ్యం కావడం, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలంటాను.

ఇక రెండో రచన. దీన్ని స్క్రిప్టు అనొచ్చా అని మీరడగొచ్చు. బిగ్గరగా చదవడానికి, పదిమంది ముందు మాట్లాడించడానికి రాసింది కనక నేను అంటాను. 1990లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం మొదలైంది. పాటలతో, వీధినాటకాలతో కళాజాతాలు ఊరూరా తిరిగాయి. రాత్రి బళ్ళు వెలిశాయి. తర్వాతి దశ వాచకంలో ‘సీతమ్మ కథ’ అని ఒక పాఠం ఉంది. తాగుడు వల్ల చితికిపోయిన ఒక సంసారం కథ. కొత్తగా చదవడం వచ్చినవాళ్ళ కోసం రాసింది గనక ఎంత చిన్న వాక్యాలుండాలి, ఏ మాటలుండాలి, ఏ సమస్య ఉండాలి అన్నీ ముందే నిర్ణయమైపోయాయి. సాహిత్యం చదువుకున్నవాళ్ళం దాన్ని చూస్తే పెదవి విరుస్తాం. కానీ పాఠం చదివాక కూర్చుని చర్చించుకోవాలనేది పద్ధతి. ఆ చర్చలో ఎవరేం మాట్లాడాలో ఎవరూ రాసివ్వలేదు.

తర్వాత ఏం జరిగిందో మీ అందరికీ తెలుసు. తీరానికి దూరంగా, మెట్టలో, కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్ళు తమ ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఆ సంగతే ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే ఇంకో పాఠమై మిగతా ఊళ్ళకి చేరింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వకుండా ఆడవాళ్ళు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. దీన్ని చెప్పేటప్పుడు పాఠం వల్లే ఉద్యమం పుట్టింది అని మురిసిపోయేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. సారా ఏం చేస్తుందో ఆ ఆడవాళ్ళకి వాచకం చెప్పనక్కర్లేదు. పాఠం చేసింది వాళ్ళని రాత్రిపూట ఒకచోట కూర్చోబెట్టి, ఒక ప్రశ్న మధ్యలో పెట్టి, తప్పుకోవడం. దాన్ని రాసినవాళ్ళు ప్రణాళిక వేసింది ప్రశ్న దాకానే. జవాబు వాళ్ళ చేతిలో లేదు. ఆ జవాబు తమకి మింగుడుపడనిదయ్యేసరికి పాలకులు ఆ పాఠాన్నే ఉపసంహరించుకున్నారు. ఖాళీ వదిలిన చోటే బలం ఉందని వాళ్ళకి మనకంటే ముందే అర్థమైనట్టుంది.

ఈ సంగతులన్నీ నాకు సిద్ధాంతంగా బాగా తెలుసు. వీటి మీద పేపర్లు చదివాను. అయినా మూడో రచన దగ్గర చేసిన తప్పు నాదే.

పిహెచ్.డి. పూర్తయిన ఏడాది ఒక మహిళా బృందం మార్చి 8కి నాటిక రాసివ్వమంది. మైపాడు వైపు ఒక పట్టపుపాళెంలో చేపలమ్మే ఆడవాళ్ళే వేస్తారు, అరగంట చాలు అన్నారు. మంచి అవకాశం అనుకున్నాను. అప్పటికే సిడ్ ఫీల్డ్ 1979లో రాసిన ‘స్క్రీన్‌ప్లే’ పుస్తకం చదివి ఉన్నాను. మూడు అంకాలు, మొదటి మలుపు, రెండో మలుపు, కార్డుల మీద సీన్లు. నేనూ కార్డులు కొన్నాను. పన్నెండు రంగాలు వేసుకున్నాను. ప్రధాన పాత్రకి మొదట చదువు రాదు. మొగుడు తాగుతాడు. రాత్రి బడికి వెళుతుంది. సారా అంగడి మూయించడంలో కలుస్తుంది. ఆఖరి రంగంలో పలక మీద తన పేరు తను రాసుకుని జనానికి చూపిస్తుంది. తెర. ఆ ఆఖరి రంగం ఊహించుకున్నప్పుడల్లా నాకే కళ్ళు చెమర్చేవి.

ఆ పాత్రకి ఆధారం పాళెంలో ఒక అవ్వ. డెబ్భై దాటిన మనిషి. ఇంట్లో తమిళం కలిసిన పట్టపు భాష, నాతో తెలుగు. 1990 నాటి రాత్రి బడిలో చదువుకున్న మనిషి. నాలుగుసార్లు వెళ్ళి కూర్చున్నాను. వెళ్ళినప్పుడల్లా నా కార్డులు నాతో ఉన్నాయి.

“అవ్వా, సారా అంగడి మూసిన రోజు సంగతి చెప్పు.”

“చెప్తాలే పాపా. ముందు బస్సు సంగతి ఇను. గంప వాసనొస్తందని ఎక్కనీడు ఆ మనిషి. నెత్తళ్ళు, కానాగంతలు నెత్తిన బెట్టుకుని మైపాడు గేటు దాకా నడిచేదాన్ని.”

“అది తర్వాత చెబుదువులే. బడిలో మొదటిసారి నీ పేరు రాసినప్పుడు నీకేమనిపించింది?”

“నా పేరా? మొదాట నేను రాసింది నా పేరు గాదు పాపా. నాకు బాకీ ఉండేవోళ్ళ పేర్లు.”

అప్పుడు నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది. మళ్ళీ సారా అంగడి దగ్గరికి లాక్కొచ్చాను.

రాత ముగించడానికి ఏడు నెలలు పట్టింది. అన్నీ సరిగా కుదిరేదాకా ఎవరికీ చూపించకూడదనుకున్నాను. ఒక మార్చి దాటిపోయింది, వచ్చే ఏడు వేద్దాం అన్నాను. బృందంవాళ్ళు పాపం ఏమీ అనలేదు. ఆత్రేయలాగా నా కోసం కూడా ఎదురుచూసేవాళ్ళున్నారని లోపల కాస్త గర్వపడ్డానేమో కూడా. స్క్రిప్టు పట్టుకుని పాళెం వెళ్ళేసరికి అవ్వ పోయి రెండు నెలలైంది.

మిగిలిన ఆడవాళ్ళ ముందు చదివాను. పనిచేసి అలిసిపోయి కూడా ఓపిగ్గా విన్నారు. “ఈ మాట ఎవురంటారు పాపా?” అని రెండుమూడు చోట్ల అడిగారు. ఆఖరి రంగం దగ్గర నేను కళ్ళెత్తి చూశాను, చప్పట్లు కొడతారని. నలభై ఏళ్ళ ఒకామె, వంజరం ముక్కలు కోసి కోసి వేళ్ళు గరుకుబారిన మనిషి, మెల్లగా అడిగింది: “పేరు రాసుకుంటే ఏమొచ్చిందమ్మా? బాకీ వచ్చిందా?”

ఇంటికొచ్చి నోటుపుస్తకం తీశాను. అవ్వ చెప్పిన మాట ఉంది. ‘బాకీవాళ్ళ పేర్లు మొదట రాసింది’ అని ఒక్క ముక్క. పక్కన మార్జిన్‌లో నా చేతిరాతే: ‘విషయం కాదు.’ బస్సు సంగతి పక్కనా అదే. పట్టపు మాటలు వచ్చిన చోట అవి రాయనే లేదు, వాటి తెలుగు అర్థం మాత్రం రాసుకున్నాను. నేను విన్నదంతా రాసుకున్నాననుకున్నాను. కానీ నా పన్నెండు కార్డుల్లో ఇమిడేదే విన్నాను. ప్రణాళిక రాసేటప్పుడు అడ్డొస్తుందని అందరూ అంటారు. నాకు వినేటప్పుడే అడ్డొచ్చింది. ఆ పేర్లు ఎవరివి? ఊళ్ళో మోతుబరులవా, టౌనులో ఇళ్ళ ఇల్లాళ్ళవా? చీటీ చూపించి అడిగితే డబ్బు ఇచ్చారా? చదువు ఆమె చేతిలో ఏమైందో చెప్పే అసలు నాటకం అక్కడుంది. దాన్ని అడగాల్సిన మనిషి ఇక లేదు.

స్త్రీల అనుభవాన్ని ఇతరులు తమ చట్రాల్లో బిగిస్తున్నారని మనం విమర్శిస్తుంటాం. సరైన విమర్శే. నా చట్రం స్త్రీవాద చట్రమే. తన పేరు తను రాసుకోవడం అంటే అస్తిత్వం అని నాకు పుస్తకాలు నేర్పాయి. అవ్వకి అక్షరం లెక్క తేల్చుకునే పనిముట్టు. అందులో అస్తిత్వం లేదని ఎవరనగలరు? నా ఆఖరి రంగం కంటే ఆమె మాట ఎంతో ముందుంది.

ఇక్కడ ఆపేస్తే, ప్రణాళిక వద్దు, స్త్రీల మాటలు వింటూ పోతే నాటకం అదే వస్తుంది అని చెప్పినట్టవుతుంది. అదీ నిజం కాదు. కార్డులు పక్కన పెట్టి ఆడవాళ్ళతో కూర్చున్నాం. బస్సు రంగం, బాకీ రంగం వాళ్ళే మాటలు కల్పించుకుని ఆడారు. ఏ చేప ఎవరు అప్పు తీసుకున్నారో, ఎన్నాళ్ళు తిప్పారో చెబుతుంటే నేను రాసుకోలేక చేతులెత్తేశాను. మార్చి 8న వేసినప్పుడు మొదటి పావుగంట జనం పడీపడీ నవ్వారు. ఆ తర్వాత ఎక్కడ ముగించాలో ఎవరికీ తెలియలేదు. ఒకరి మాట మీద ఒకరు, అందరికన్నా గొంతు పెద్దదైన ఆమే మాట్లాడుతూ పోయింది. మెల్లగా మాట్లాడే ఇద్దరికీ చోటే దొరకలేదు. ముప్ఫై నిమిషాల నాటిక యాభై నిమిషాలు సాగి, పిల్లలు ఏడుస్తుంటే మైకు ఆపేశారు. ఏ ప్రణాళికా లేని చోట గొంతున్నవాళ్ళదే రాజ్యం అని ఆ రోజు తెలిసింది. సీతమ్మ కథని రాసినవాళ్ళు ప్రశ్న దాకా గట్టిగా కట్టారు గనకే అవతల ఆడవాళ్ళు మాట్లాడగలిగారు. నేను మొదటిసారి జవాబు దాకా కట్టాను, రెండోసారి ప్రశ్న కూడా కట్టలేదు.

ఇప్పుడు ఏం చేస్తున్నానో చెబుతాను. ఇది సూత్రమేమీ కాదు. మొదలుపెట్టే ముందు ఒక్క కాగితం రాసుకుంటాను, రెండోది కాదు. ఇది ఎవరి ప్రశ్న, ఎవరెవరు మాట్లాడాలి, అందరికంటే తక్కువ మాట్లాడే మనిషికి చోటెక్కడ, ఏ క్షణంలో ఆపాలి, ఇవి అందులో ఉంటాయి. ఎలా ముగుస్తుందో ఉండదు, ఎక్కడ ఆపాలో ఉంటుంది. మాటలు ముందు రాయను. వినేటప్పుడు కాగితం సంచిలో ఉంటుంది, చేతిలో ఉండదు. ఎవరి మాట వాళ్ళ భాషలోనే రాసుకుంటాను. అన్నిటికంటే ముఖ్యంగా ఆ కాగితం పైన ఒక తేదీ ఉంటుంది. ఆ రోజుకి ఎంత సిద్ధమైతే అంతతోనే మొదలుపెట్టాలి. మన కోసం స్టూడియోలు ఎదురుచూడవు. మనం ఎవరి గురించి రాస్తామో ఆ మనుషులు కూడా ఎల్లకాలం ఎదురుచూడరు.

శిబిరంలో లేచి అడిగిన ఆ అమ్మాయికి ఇంత చెప్పలేకపోయాను. తను రెండేళ్ళుగా వాళ్ళమ్మ మీద ఒక స్క్రిప్టుకి నోట్సు రాసుకుంటోందట. అమ్మతో ఇంకా మాట్లాడలేదట, కథ తేలాక అడుగుదామని. ముందు వెళ్ళి అడుగు, కథ తర్వాత తేలుతుంది అన్నాను. మీలో కూడా అలాంటి నోటుపుస్తకాలున్నవాళ్ళుంటారు. ఒకసారి తీసి మార్జిన్లు చూడండి. ‘విషయం కాదు’ అని రాసి ఉన్న చోట ఆగండి. ఆ మాట చెప్పిన మనిషి ఇంకా ఉంటే ఈ వారమే వెళ్ళి కలవండి.